హుల్దా బట్టీలో తారుమారు

క్రిస్మస్ రెండు రోజుల్లో ఉందనగా హుల్దా బట్టీ దగ్గర కనిపించే జనం ఏడాది మొత్తంలో చర్చిలో కూడా కనిపించరు. చివరి వాయి రొట్టెలు దించాక బట్టీలో బోలెడు వేడి మిగిలిపోతుంది. దాన్ని ఊరికే పోనివ్వడానికి ఆ ఊళ్లో ఎవరికీ మనసొప్పదు. ఉప్పునీళ్లలో ఊరిన పంది తొడకి రై అనే ధాన్యపు నల్లటి పిండి ముద్దని మందంగా చుట్టబెట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినంత జాగ్రత్తగా మంచుబండి మీద పెట్టుకుని ఇంటింటి నుంచీ ఆడవాళ్లు లాక్కొచ్చేవాళ్లు. తొడలోని రసం చుక్క కూడా పోకుండా చూసేది ఆ పిండి పొరే. రాత్రంతా లోపల మగ్గుతుంది. అక్కడ అసలు పండగ క్రిస్మస్ ముందురోజే; ఆ పొద్దున్నే వచ్చి ఎవరిది వాళ్లు పట్టుకుపోతారు.

బట్టీలోంచి వచ్చాక అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి పిండి మీద కత్తి మొనతో ఇంటి గుర్తు గీయాలి. తాతల నాటి నుంచీ గొడ్డళ్ల మీదా, పడవల మీదా గీసుకునే గుర్తే అది. ప్రతి ఇంటికీ ఒకటుంటుంది. గొడవంతా అక్కడే వచ్చింది.

సైమీ రెండు నిలువు గీతలు గీసి పక్కన కొక్కెం పెట్టింది. అది ఆవిడ పుట్టింటి గుర్తు. అత్తవారి గుర్తు గీయమని మొగుడు వాల్టో ఏటా చెబుతాడు, ఆవిడ ఏటా వినదు. చెరువు అవతల ఇంట్లో ఉండే హెల్వి కూడా అదే గుర్తు గీస్తుంది. హెల్వి అంటే సైమీకి సొంత అక్క. ఆవిడా చెబితే వినే రకం కాదు.

"ఇద్దరిలో ఒకత్తైనా మారి చావండే! ఇదివరకు దానిది పెద్దది, నీది చిన్నదని పోల్చుకునేదాన్ని. ఈ ఏడు రెండూ ఒక్క సైజే. నా కళ్లా, చూస్తున్నావుగా, రోజురోజుకీ మసకేస్తున్నాయి," అంది హుల్దా.

"ఆవిడనే మార్చుకోమను."

"ఆవిడా సరిగ్గా ఇదే మాటంది. ఒక్క కడుపున పుట్టారనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు తల్లీ!"

వేడి ఎంతుందో చూడ్డానికి హుల్దా గుప్పెడు పిండి బట్టీలోకి విసిరింది. అది మాడిపోకుండా తేనెరంగుకి తిరిగేసరికి తృప్తిగా తలూపి, తొడలన్నీ లోపలికి తోసి తలుపు మూసింది.

అక్కాచెల్లెళ్లకి మాటల్లేక ఏడేళ్లవుతోంది. పొలం గురించో, నగల గురించో అయితే ఊరు ఎప్పుడో రాజీ చేసేది. వాళ్లు పోట్లాడుకున్నది పంది తొడ గురించి. వినేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. వాళ్లమ్మ చేసిన తొడ తిన్నవాళ్లెవరూ నవ్వరు.

అమ్మ పిండి పొరని సుత్తితో ఒక్కటి కొట్టి పగలగొట్టేది. గుప్పున ఆవిరి లేచేది. నాన్న తనకేం పట్టనట్టు కిటికీ దగ్గర పొగాకు పైపు దులుపుతూ ఓరకంట చూసేవాడు. పిల్లలిద్దరూ ఆవాల ముద్ద గిన్నె పట్టుకుని బల్లకి గడ్డాలు ఆనించి నిలబడేవాళ్లు. కత్తి దిగీ దిగకముందే ముక్క విడివడేది. గులాబి రంగు మాంసం, అంచున వేలెడు కొవ్వు, కొరికితే రసం మణికట్టు దాకా కారేది. అమ్మ కొంగుతో, అంటే నడుముకి కట్టుకున్న ఆ గళ్ల గుడ్డతో, ఇద్దరి మూతులూ ఒకేసారి తుడిచేది. సైమీకి స్వర్గమంటే ఇప్పటికీ ఆ వంటిల్లే.

పెళ్లయ్యాక సైమీ అదే ఉప్పు కొలిచింది, అదే పిండి పిసికింది, అదే బట్టీకి పంపింది. తిన్నవాళ్లంతా బాగుందనేవాళ్లు. ఆవిడకి మాత్రం గొంతు దిగేది కాదు. అది అమ్మది కాదు, అంతే. అమ్మ ఆఖరి చలికాలం హెల్వి ఇంట్లో గడిపింది. ఏదో కిటుకు ఉంది, దాన్ని పోయేముందు పెద్ద కూతురి చెవిలో వేసిపోయింది అని సైమీకి అనుమానం పట్టుకుంది. పట్టుకుంటే పట్టుకుంది, అంత్యక్రియల నాడు అందరూ కాఫీలు తాగుతుంటేనే అడిగేసింది. "అమ్మని మట్టిలో పెట్టిన పూటే నీకు పంది తొడ గుర్తొచ్చిందటే? సిగ్గులేదూ!" అని హెల్వి నలుగురిలో కడిగేసింది. చెప్పడం ఇష్టం లేకే ఇలా అరుస్తోందని సైమీ నమ్మింది. ఆ రోజు నుంచీ ఇద్దరూ దారిలో ఎదురైతే ఒకరు చెట్లు చూసేవారు, ఒకరు మబ్బులు చూసేవారు.

పండగ పొద్దున వాల్టో వెళ్లి రెండు గీతలూ కొక్కెమూ ఉన్న దాన్ని తెచ్చి బల్లమీద పెట్టాడు. సైమీ పిండి పొర పగలగొట్టింది. ఒక పలుచటి ముక్క కోసి నిలబడే నోట్లో వేసుకుంది.

వేసుకుని కదల్లేదు.

"ఏమైందే? పాడైందా?" అన్నాడు వాల్టో.

"వచ్చింది," అంది సైమీ. "వాల్టో, వచ్చిందయ్యా! అమ్మది వచ్చేసింది!"

వాల్టో ఒక ముక్క తిన్నాడు. నిరుడూ ఇలాగే ఉందని నోటిదాకా వచ్చింది గానీ, పెళ్లయి ఇన్నేళ్లయ్యాక ఏ మాట మింగాలో ఆ మాత్రం తెలుసు. సైమీ ఏడుస్తూ తింటోంది, తింటూ నవ్వుతోంది. ఇంకొకటి కోసింది, మరొకటి కోసింది. ఇక హెల్వి గుమ్మం తొక్కాల్సిన ఖర్మ ఏమిటి నాకు అని పైకే అనేసింది.

ఇంకాస్త కోయడానికని వాల్టో పైతోలు ఒలిచాడు. ఒలిచి, కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఒసే, మన పందికి ముద్ర ఎవడేశాడే?"

తోలు మీద ఊదారంగు ముద్ర ఉంది, పట్నం కసాయి దుకాణంలో వేసేది. సైమీ వాళ్లది ఇంటి వెనక పెంచుకున్న పంది. దానికి ముద్రలేవీ లేవు. చెరువు అవతల ఇంట్లో పందుల్ని పెంచరు, కొనుక్కుంటారు.

సైమీకి నోట్లో ముక్క నోట్లోనే ఉండిపోయింది. తినేది అక్క చేతిది. కిటుకు నిజంగానే ఉంది, అక్క దగ్గరే ఉంది. పైగా ఈపాటికి సైమీ చేసిన ఎండు తొడని ముందు పెట్టుకుని అక్క పగలబడి నవ్వుతూ ఉంటుంది.

"కోసేశాం, తినేశాం. ఊరుకుందూ. పండగ పూట గుట్టుగా ఉంటే ఏం పోయింది?" అన్నాడు వాల్టో.

ఊరుకోవచ్చు. మధ్యాహ్నం రేడియోలో తుర్కు పట్నం నుంచి పండగ శాంతి ప్రకటన చదివేస్తారు, ఆ తర్వాత ఆవిరి స్నానాలు, రేపంతా ఎవరూ ఎవరి గడపా తొక్కరు. ఇవాళ ఈ కాస్త పొద్దు గడిస్తే ఎవరూ అడగరు. కానీ ఇప్పుడు అడక్కపోతే ఆ రుచి మళ్లీ ఈ జన్మకి దొరకదు. ఉక్రోషం ఒకవైపు, ఆశ ఒకవైపు. ఆశే నెగ్గింది. మిగిలిన తొడని గుడ్డలో మూటగట్టి, మంచుబండి మీద పెట్టుకుని గడ్డకట్టిన చెరువు మీదుగా బయలుదేరింది.

హెల్వి కత్తి చేత్తోనే తలుపు తీసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సైమీ అది చూడలేదు, చూడాలనుకోలేదు.

"నీది నా దగ్గరికొచ్చింది. తెలీక కోశాం," అంది గుమ్మంలోనే నిలబడి.

"నేనూ కోశాను."

"కోసి నవ్వుకున్నావుగా బాగా?"

"లోపలికి రా, చలి కొడుతోంది," అంది హెల్వి. బల్లమీద సైమీ చేసిన తొడ సగానికి సగం అయిపోయి ఉంది. "పొద్దుట్నుంచీ నిలబడే తింటున్నాను. మా ఆయన్ని కూడా ముట్టుకోనివ్వలేదు. నిజం చెప్పు, ఏం చేశావే దీనికి?"

"వెటకారమా?"

"వెటకారమేమిటే దిక్కుమాలినదానా! అమ్మది. అచ్చం అమ్మది." హెల్వి ముక్కు చీదుకుంది. "చిన్నదానివని అమ్మ నీకే చెప్పుంటుంది. నా దగ్గర చలికాలమంతా ఉంది, ఎన్నిసార్లు అడిగానో! ఉప్పు, పిండి, బట్టీ, ఇంకేముంటుందీ అనేది. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు. నువ్వేమో అంత్యక్రియల నాడు నలుగురిలో నన్నడుగుతావా! వేళాకోళం చేస్తున్నావనుకున్నాను."

సైమీ మూట విప్పి ఒక ముక్క అక్క చేతిలో పెట్టింది. హెల్వి తను చేసిన ఆ ముక్క తిని మొహం చిట్లించింది. "ఇదా? ఏటా ఇదేగా. ఉత్త పంది మాంసం." సైమీ బల్లమీదున్న తను చేసినదాంట్లోంచి ఒక ముక్క తీసుకుంది. నాలిక మీద ఉప్పు తప్ప ఏమీ లేదు. ఇంట్లో ఏటా తినేదే.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సైమీ, మొదటి ముక్క తిని అమ్మ ఏమనేదో గుర్తుందా?" అంది హెల్వి నెమ్మదిగా.

సైమీ గుర్తులేదనబోయింది. అంతలో గుర్తొచ్చింది. మూతులు తుడవడం అయ్యాక అమ్మ తనకో చిన్న ముక్క కోసుకునేది. మెల్లగా నమిలేది. అందరూ ఆవిడ మొహంలోకి చూస్తుంటే తల అడ్డంగా ఊపేది. బాగానే కుదిరింది గానీ మా అమ్మ చేసినట్టు లేదు అనేది. ఏటా అదే మాట. మాట పూర్తవకముందే పిల్లలిద్దరూ అమ్మ గొంతు పెట్టి దాన్నే పాడేవాళ్లు.

సైమీ కూలబడింది. ఆపుకోలేనంత ఏడుపొచ్చింది, ఆపుకోనూ లేదు.

"అంటే అక్కా, అమ్మ ఏటా వాళ్లమ్మని వెతుక్కునేదన్నమాట. మన ముందే."

"మన ముందే," అంది హెల్వి, చెల్లెలి పక్కన కూర్చుంటూ. "మనమేమో పడీ పడీ నవ్వేవాళ్లం."