సముద్రం దాటిన తెడ్డు

నేను ఒక ఇంటిపేరును. చేతికి చిక్కను, కంటికి ఆనను. అయినా బిడ్డ కళ్ళు తెరిచే లోపే వెళ్ళి వాడి పేరు ముందు కూర్చుంటాను. వాడు పెరిగి, ముసలివాడై, పోయాక కూడా వాడి మనవల పేర్ల ముందు కుదురుగా కూర్చునే ఉంటాను. జీతం లేదు, సెలవు లేదు. మనుషులు నన్ను చూసుకుని గర్వపడతారు గానీ, నీ ఇంటిపేరుకి అర్థమేమిటయ్యా అంటే సగం మంది బుర్ర గోక్కుంటారు.

నా పేరు తెడ్డు. వంశధార సముద్రంలో కలిసే చోట, ఏరు దాటించే పడవవాళ్ళ ఇంట పుట్టాను. నాకు బారసాల ఎవరూ చెయ్యలేదు. "ఏ సూరయ్య?" అని ఎవరో అడిగితే, "తెడ్డోల సూరయ్య" అని ఇంకెవరో జవాబు చెప్పారు. అంతే, నేను పుట్టాను. తెలుగులో తెడ్డంటే పడవను తోసేదీ అవుతుంది, పెద్ద గుండిగలో పులిహోర కలిపేదీ అవుతుంది. నా మటుకు నేను పడవ తెడ్డునే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే తర్వాత నన్ను వంటింట్లోకి లాగారు.

తెల్లదొరల కాలంలో మా ఇంట అప్పన్న అని ఒక కుర్రవాడు ఉండేవాడు. గొంతు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. ఒక తుపానులో పడవ పోయింది, ఇల్లు పోయింది. సముద్రానికి అవతల చెరకు తోటల్లో పని ఉందని ఒక మేస్త్రీ చెబితే, నన్ను వెంటేసుకుని మద్రాసు వెళ్ళాడు. అక్కడ కూలీలను ఓడ ఎక్కించే ముందు ఉంచే పాకల్లో గురివులు పరిచయమయ్యాడు. మెట్ట ప్రాంతం నుంచి వచ్చిన పిల్లాడు. కలరాలో ఇంటిల్లిపాదీ పోగా మిగిలినవాడు. మాట తక్కువ. ఇద్దరూ ఒకే కుండలో వండుకుని తిన్నారు.

పేర్లు రాసుకునే రోజున గురివులుకి జ్వరం. గోడకి జారబడి కూర్చున్నాడు, నోట మాట లేదు. తోడెవరూ లేని రోగిష్టివాణ్ణి వెనక్కి పంపేస్తారని అందరికీ తెలుసు. వెనక్కి వెళ్ళడానికి గురివులుకి ఇల్లు లేదని అప్పన్నకి తెలుసు. గుమాస్తా తల ఎత్తగానే అప్పన్న ముందుకి దూకాడు.

"ఈడు నా తమ్ముడు బాబూ. తెడ్డు గురివులు. నాను సూసుకుంతాను."

అలా ఒక్క మాటతో నేను రక్తసంబంధం లేని మనిషి పేరు ముందుకి వెళ్ళి కూర్చున్నాను. కొత్త చోటు గనక మొదట కాస్త ఇబ్బందిగానే అనిపించింది. గురివులు కళ్ళెత్తి అప్పన్నని చూసిన చూపుతో ఆ ఇబ్బంది పోయింది.

ఓడలో అప్పన్న గంజి కాచి పట్టేవాడు, తల తుడిచేవాడు. కానీ దారిలో మారిషస్‌ రేవులో ఓడ ఆగేసరికి జ్వరం మళ్ళీ తిరగబెట్టింది. ఓడ డాక్టరు గురివులుని అక్కడే దింపెయ్యమన్నాడు. అప్పన్న తననీ దింపమని కాళ్ళావేళ్ళా పడ్డాడు. వినలేదు. పడవలో పడుకోబెట్టి తీసుకుపోతుంటే, ఓడ కమ్మీ పట్టుకుని అరిచాడు.

"తమ్ముడూ! ఎనకాల ఓడలో వొచ్చీరా! నాను రేవులో కాసుకుంతాను!"

గురివులు బతికాడు. కానీ ఆ దీవిలోనే చెరకు తోటకి కట్టుబడిపోయాడు. వెనకాల ఓడ ఎక్కనిచ్చినవాడు లేడు. అప్పన్న దక్షిణాఫ్రికాలో నటాల్ చేరి, సెలవు దొరికిన ఆదివారమల్లా డర్బన్ రేవుకి నడిచి వెళ్ళేవాడు. పెళ్ళయి, పిల్లలు పుట్టి, జుట్టు నెరిశాక రేవుకి వెళ్ళడం మానేశాడు గానీ, కంచం ముందు కూర్చున్నప్పుడు మొదటి ముద్ద పక్కన పెట్టడం మానలేదు. "మా తమ్ముడికి" అనేవాడు.

ఇక నా అవస్థ వినండి. నటాల్‌లో ఇంగ్లీషు గుమాస్తా నన్ను 'టెడ్డీ' అని రాశాడు. మారిషస్‌లో ఫ్రెంచి నాలుక నన్ను 'టేడూ' చేసింది. ఫ్రెంచిలో ఆ శబ్దానికి 'నువ్వు మెత్తనివాడివి' అన్నట్టు అర్థం వస్తుందట. ఒక చోట ఎలుగుబంటి బొమ్మని, ఒక చోట మెత్తనివాణ్ణి. ఆపైన నా వాళ్ళు ఎక్కడెక్కడికో వెళ్ళారు. పెర్త్‌లో ఒక పళ్ళ డాక్టరు బోర్డు మీద ఉన్నాను. టొరంటోలో ఒక ట్రక్కు తలుపు మీద ఉన్నాను. ఇంటిపేర్ల అర్థాలు చెబుతామనే ఒక వెబ్‌సైటు నేను ఇంగ్లండులో పుట్టానని తేల్చేసింది. వంశధార నీళ్ళు తాగి పెరిగిన నేను ఏం చెప్పను, నవ్వుకున్నాను.

ఇంగ్లండులోనే, లెస్టర్ ఊళ్ళో ఒక కంటి ఆసుపత్రిలో, నర్సు నన్ను పిలిచింది. ఆమె నోట నేను టెడ్డీకీ టేడూకీ మధ్యలో ఎక్కడో పలికాను. ఇద్దరు లేచారు. ఒకడు డర్బన్ నుంచి వచ్చి లిఫ్టులు బాగుచేసే ముకుంద టెడ్డీ, అప్పన్నకి మునిమనవడు. ఒకామె మారిషస్ నుంచి వచ్చి బడిలో ఫ్రెంచి చెప్పే ఇందుమతి టేడూ.

"నన్నే పిలిచారు" అన్నాడతను.

"కాదు, నన్ను" అందామె. "టేడూ. మా తాతల భాషలో వంట గరిటె అని అర్థం."

"మాది టెడ్డీ. మా పెద్దవాళ్ళ భాషలో పడవ నడిపే కర్ర."

"మీ పెద్దవాళ్ళది ఏ భాష?"

"తెలుగు. మీది?"

ఆమె పకపకా నవ్వింది. ఇద్దరి కళ్ళలోనూ చుక్కల మందు ఉంది, ఒకరికొకరు మసకగానే కనిపించారు. ప్రేమకి అదేమీ అడ్డం రాలేదు. పేర్లు కాస్త దగ్గరగా ఉన్నాయని నవ్వుకున్నారే తప్ప, అంతకుమించి ఆలోచించలేదు. ఈ కాలం పిల్లలు నన్ను పాస్‌వర్డులో వాడుకుంటారు గానీ నా చరిత్ర అడగరు.

ముకుందకి తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోయారు. పెంచింది మేనత్త నాగమ్మ. డర్బన్ శివారు చాట్స్‌వర్త్‌లో బడిపంతులమ్మగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి నన్ను వదలనూ లేదు. చిన్నప్పుడు తాత అప్పన్న ఒళ్ళో కూర్చుని తిన్న పిల్ల, ఆయన తెలుగే మాట్లాడేది. ఇందుమతిని పెంచిన తాత సింహాద్రి మారిషస్‌లో ఫ్లాక్ దగ్గర రొట్టెల బట్టీ నడిపినవాడు, ఊరి తెలుగు సభకి అధ్యక్షుడు. ముందుగదిలో గోడకి పెద్ద ఇత్తడి తెడ్డు వేలాడదీసి, "మా వాళ్ళు రాజుల ఇళ్ళలో వంటవాళ్ళు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నేను వినేవాణ్ణి. ఊరుకునేవాణ్ణి.

పెళ్ళి మాట కోసం పిల్లలు పెద్దవాళ్ళిద్దరినీ ఫోన్ తెర మీద ఎదురెదురుగా కూర్చోబెట్టారు. నాగమ్మ మొదట అడిగింది అదే.

"మీరు ఏ ఇంటోలండీ?"

"టేడూ వాళ్ళం. అచ్చ తెలుగులో తెడ్డు."

నాగమ్మ ముఖం తెరకి దగ్గరగా జరిగింది. "మీ తాత పేరేటి?"

"గురివులు."

"ఓలమ్మ! మా తాత తమ్ముడు! మారిషస్‌లో దింపీసినారు కదా, ఆ గురివులు తాతేనా? మా తాత సచ్చిపోయేదాకా ముద్ద తీసి పక్కన ఎట్టినాడు బాబూ!"

ఆవిడ భోరున ఏడ్చింది. సింహాద్రీ ఏడ్చాడు. "అప్పా" అన్నాడు, అంటే అక్కా అని. "తమ్ముడూ" అందావిడ. తెలుగు ఒక్క ముక్క తెలియని ముకుందా ఇందుమతీ, పెళ్ళి కుదిరిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు.

నాగమ్మ కళ్ళు తుడుచుకుని, ఇంగ్లీషులోకి మారి, మెల్లగా చెప్పింది. "ఈ పెళ్ళి జరగదు నాయనా. ఒకే ఇంటిపేరు, ఒకే రక్తం. వరసకి నువ్వు ఆ పిల్లకి చిన్నాన్నవి అవుతావు."

సింహాద్రికి నిజం తెలుసు. ఆ క్షణంలోనే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. అప్పుడే దొరికిన అక్కని పోగొట్టుకోవాలి, పైగా ఇంటిపేరు అరువుదని ఒప్పుకోవాలి. ఆ తెరకి ఇటూ అటూ ఉన్నది నేనే. నోరుండాల్సింది నాకు అనుకోవడం అదే మొదటిసారి.

లెస్టర్‌లో ఇద్దరూ చాలా గొడవపడ్డారు. "ఒక్క పదం కోసమా ఇదంతా? రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టేద్దాం" అంది ఇందుమతి. "అత్త లేకుండా నేను పీటల మీద కూర్చోను" అన్నాడు ముకుంద. అలాగని ఆమెని వదులుకుంటాననీ అనలేదు, అన్నం మాత్రం సరిగ్గా తినడం మానేశాడు. సెలవులు రాగానే ఇందుమతి మారిషస్ వెళ్ళి, తాత ఎదురుగా కూర్చుంది.

"తాతా, నేను ఇంటిపేరు మార్చుకుంటాను. అప్పుడిక ఒకే ఇంటిపేరు అనడానికి ఉండదుగా."

నేను అక్కడే ఉన్నాను, వింటున్నాను. మనుషులకేం, అనేస్తారు. సింహాద్రి మాత్రం గోడ మీది ఇత్తడి తెడ్డు వైపు చూశాడు.

"మార్చుకోవడానికి అది మనది కాదమ్మా" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. పోయే ముందు గురివులు తనని దగ్గరికి పిలిచి అన్న మాట. "ఈ పేరు నాది కాదురా. నన్ను తమ్ముడన్న మనిషిది. పాడుచెయ్యకండి."

"మరి రాజుల వంటవాళ్ళు?"

"అర్థమేంటని అడిగినవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా. సొంతది కాదు కాబట్టే ఇంకాస్త గట్టిగా చెప్పాను."

ఇందుమతికి కోపం రావాలి. రాలేదు. ఆయన చెయ్యి పట్టుకుంది. "ఈ మాట ఫోన్లో వద్దు తాతా. డర్బన్ వెళ్దాం."

ముకుంద ముందే వచ్చి ఉన్నాడు. విమానాశ్రయంలో నాగమ్మ చేతికర్ర ముకుందకి ఇచ్చేసి, వట్టి చేతులతో నిలబడింది. సింహాద్రి బయటికి రాగానే గట్టిగా పట్టుకుంది. ఇంటికి తీసుకెళ్ళి కంచం పెట్టింది. అన్నం, చింతపండు పులుసు, ఎండుచేపల వేపుడు. మొదటి ముద్ద తనే కలిపి పెట్టబోయింది.

"తిను తమ్ముడూ."

సింహాద్రి చెయ్యి అడ్డం పెట్టాడు. "ముందు నా మాట విను అప్పా. ఆ తర్వాత పెట్టాలనిపిస్తే పెట్టు."

అంతా చెప్పాడు. మద్రాసు పాక, జ్వరం, గుమాస్తా, అప్పన్న దూకి చెప్పిన మాట. ఏదీ దాచలేదు. ఇత్తడి తెడ్డు సంగతి కూడా.

నాగమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అయితే మా తాత ఎవుడి కోసం ఏడ్చినాడు?"

"మా తాత కోసమే."

"ఏటీ కానోడి కోసమా?"

"అవునప్పా. తోడబుట్టినవాడి కోసం ఎవరైనా ఏడుస్తారు. మీ తాత ఏమీ కానివాడి కోసం ఏడ్చాడు. అందుకే మా ఇంట్లో ఆ పేరు వదలలేదు."

పిల్లలిద్దరూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. మాటలు తెలియవు, ముఖాలు మాత్రం తెలుస్తున్నాయి. నాగమ్మ ముద్ద కంచంలో పెట్టేసి లేచి వంటింట్లోకి వెళ్ళింది. కుళాయి చప్పుడు చాలాసేపు వినిపించింది. సింహాద్రి తల దించుకుని కూర్చున్నాడు. నేను ఆ ఇంట్లో ఉన్నానా, వెళ్ళిపోయానా అన్నది నాకే అర్థం కాలేదు.

ఆవిడ తిరిగొచ్చింది. ముఖం కడుక్కుంది, పైట చెంగు భుజం నిండా కప్పుకుంది. ఇందాక లేని మర్యాద ఒకటి నిలువునా వచ్చింది. నెయ్యి గిన్నె కంచం పక్కన పెట్టి అంది.

"అన్నం సల్లారిపోతంది. కలుపుకోండి, బావగారూ."

తమ్ముణ్ణి బావగారిని చెయ్యాలంటే తెలుగింట్లో అంతకన్నా పెద్ద సభ అక్కర్లేదు. సింహాద్రి నెయ్యి వేసుకోబోయి కంచమంతా ఒలకబోశాడు.

"ఏమంది? అత్త ఏమంది?" ముకుంద ఇందుమతి భుజం పట్టి ఊపేస్తున్నాడు. ఇందుమతి తాతని అడిగింది.

"తినమంది" అన్నాడు సింహాద్రి, కళ్ళు తుడుచుకుంటూ. "వదినగారు తినమంది."

పెళ్ళి చాట్స్‌వర్త్‌లోనే జరిగింది. లెస్టర్ స్నేహితులు పసుపు బట్టలు కట్టుకుని అక్షింతలు పొరపాటున నోట్లో వేసుకున్నారు. వియ్యంకుడు పెళ్ళివంటల్లో ఉప్పు తక్కువైందన్నాడు. "రాజుల వంటోలు కదా, మీరే దిగి కలపండి" అంది వియ్యపురాలు. గోత్రాలు ఏనాడో సముద్రంలో కలిసిపోయాయి గనక, పంతులుగారు ఇంటిపేర్లతోనే సరిపెట్టుకున్నారు. వరుడిది చదివి, వధువుది అడిగారు.

సింహాద్రి నోరు తెరిచి ఆగిపోయాడు. ఇప్పుడు ఏం చెప్పాలి? తన అసలు ఇంటిపేరు ఏమిటో గురివులు ఎవరికీ చెప్పలేదు. నాకూ తెలియదు. ఇన్నేళ్ళూ నేను కూర్చున్న చోట నాకన్నా ముందు ఇంకొకటి ఉండేదని, నా వంటిదే ఒకటి ఆ పాకలోనే మాసిపోయిందని, పీటల ముందు ఆ నిశ్శబ్దంలో తట్టింది. దాన్ని తలుచుకున్నాను. అంతకన్నా నేను చెయ్యగలిగింది లేదు.

నాగమ్మ ముందుకి వంగింది. "తెడ్డనే సెప్పండి పంతులుగారూ. మా తాత నోరారా ఇచ్చినాడు. ఇన్నాళ్ళూ పాడుసెయ్యకుండా మోసినారు. అది ఆళ్ళదే."

"అమ్మా, అది వరుడి వైపుది కదా?"

"ఆ వైపూ అదే, ఈ వైపూ అదే. మీరు సదవండి, ముహూర్తం దాటిపోతంది."

పంతులుగారు ఒకసారి అందరి ముఖాలూ చూశారు. మైకు సర్దుకుని నన్ను రెండోసారి చదివారు, ఈసారి కాస్త గట్టిగానే.