అన్నయ్య ఓపెనింగ్

లిఫ్టులు బాగుచేసేవాడికి ఆదివారం కూడా ఫోన్లు తప్పవు. పొద్దున్నే ఒక లిఫ్టు అడుగున గోతిలో దిగి పనిచేసి, చేతుల గ్రీజు వదలకుండానే చెస్ క్లబ్బుకు వచ్చాను. ఒళ్లు హూనమైపోయింది. ఈ ఆట ఓడితే జట్టులో నా చోటు పోతుంది. పోతే పోయింది అనుకునేంత అలసటగా ఉంది గానీ, ఆ చోటు నాకన్నా ముందు అన్నయ్యది.

అన్నయ్య నేర్పింది ఒకటే ఓపెనింగ్. రెండో ఎత్తులోనే బంటును ఎరవేసి, రాజును గాలికొదిలేసి ఎదుటివాడి మీద పడిపోవడం. ఆయన అలా ఆడితే చుట్టూ జనం మూగేవారు. నేను ఆడితే తొందరగా ఇంటికి చేరతాను. ఆయన పోయాక కూడా అదే ఆడుతున్నాను, ఓడుతున్నాను. మానేస్తే ఆయన్ని మళ్లీ సాగనంపినట్టు ఉంటుందని నా భయం.

మా కెప్టెన్ లెక్కల మాస్టారు గుమ్మంలోనే పట్టుకున్నారు.

"మొన్న నేను లిఫ్టులో ఇరుక్కుంటే ఏం చేశావయ్యా?"

"బయటికి తీశాను కదండీ."

"ఎప్పటికి? లోపల నేను లబోదిబోమంటుంటే తీరిగ్గా మెయిన్ స్విచ్ ఆపి, ఎవరూ మళ్లీ వెయ్యకుండా దాని తాళం జేబులో వేసుకుని, బ్రేకు చూసుకుని, అప్పుడు గానీ తలుపు ముట్టుకోలేదు. అలాంటివాడివి బోర్డు ముందు పూనకం వచ్చినట్టు ఎగబడతావేంటి?"

"అది అన్నయ్య ఆటండీ."

"మరి నీ ఆట ఎప్పుడు ఆడతావు? ముందు రాజుకి కోట కట్టుకో. వాళ్లొచ్చి మీద పడేదాకా ఊరుకో. నీకున్నది ఓపిక, దాన్నే వాడుకో."

ఒళ్లు మండింది. ఆయనతో వాదించే ఓపిక మాత్రం లేకపోయింది.

ఎదుట కూర్చున్నది పెద్ద వయసు దర్జీ. అన్నయ్యతో ఏళ్ల తరబడి తలపడ్డ మనిషి. తెల్లపావులు నావి. రెండో ఎత్తుకు చెయ్యి అలవాటుగా ఆ బంటు దగ్గరికే వెళ్లింది. ముట్టుకుంటే కదపాల్సిందే. చెయ్యి వెనక్కి తీసుకుని గుర్రాన్ని బయటికి తెచ్చాను. దర్జీ తలెత్తి నావైపు చూశాడు.

రాజును మూలకు చేర్చి, బంట్లను దగ్గరదగ్గరగా నిలబెట్టి కూర్చున్నాను. చాలాసేపటికి ఆయనకు విసుగొచ్చి మంత్రిని నా మీదికి తోశాడు. అది వెనక్కి వెళ్లే దారి మూసేశాను. గెలిచాను. సంతోషం మాత్రం రాలేదు.

దర్జీ చెయ్యి కలిపాక కూడా లేవలేదు.

"మీ అన్నయ్య ఆటకు విరుగుడు కనిపెట్టుకుని వచ్చాను. ఆ బంటు వస్తుందని చూస్తూ కూర్చున్నా. ఇక ఆడవా అది?"

"నా వల్ల కావట్లేదండీ. అలిసిపోయాను."

"ఆడేవాళ్లు ఇంకెవరున్నారయ్యా?" అన్నాడు.

అన్నయ్య కోసం ఎదురుచూసేది నేనొక్కణ్ణే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. పావులు మళ్లీ పేర్చాను. ఈ ఆట జట్టు లెక్కలోకి రాదు. రెండో ఎత్తులో బంటును ముందుకు తోశాను.

"వచ్చావా?" అన్నాడు దర్జీ, బంటుకేసి చూస్తూ.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆట ఎప్పటిలాగే తొందరగా ఓడిపోయాను.