ఆవకాయ మీద పడ్డ నింద

పుణ్యవతిగారి కట్టు విప్పాను. నిన్ననే శుక్లం తీసిన కన్ను. ఇప్పుడు ఎర్రబడి, నల్లగుడ్డు మీద పాలపొర కమ్మినట్టుంది. "అంతా పొగలాగా ఉందమ్మా రూబీ" అన్నారావిడ. నిన్న ఆపరేషనైన ఐదుగురిలో ఇలా అయిన మూడో మనిషి ఆవిడ.

డాక్టర్ హేమంత్ పరీక్షించి, "చీము లేదు, క్రిమి లేదు. ఏదో రసాయనం లోపలికి పోయి వాచింది. చుక్కల మందుతో తగ్గొచ్చు" అన్నారు. అనుమానం ఆపరేషన్లో కన్ను కడిగే సెలైన్ సీసాల మీదికి పోయింది. వాటిని మార్చి, ఈరోజు చెయ్యాల్సిన ఆరు ఆపరేషన్లూ పదకొండింటికి మొదలుపెడదామన్నారు.

రాయదుర్గంలోని మా కంటి ఆసుపత్రిలో నేను నర్సును, పరికరాలు కడిగేదీ నేనే. కంట్లో పెట్టే సన్నటి గొట్టాలను సబ్బుమందుతో కడిగాక, ఒక్కోదాంట్లోకి సిరంజీతో శుద్ధజలం పదేపదే కొట్టాలి. విసుగు పుట్టించే పని. నేనేమో చేతివేగానికి పేరుమోసినదాన్ని. నిన్నా మొన్నా ఒక్కసారి కొట్టి వదిలేశాను, ఎలాగూ ఆవిరిపెట్టెలో ఉడుకుతాయి కదా అని నా తెలివి. క్రిములు చచ్చాయి, సబ్బు చావలేదు. ఈరోజు ఆపరేషన్లకు పెట్టిన గొట్టాలూ అలా కడిగినవే.

నోరు విప్పితే ఉద్యోగం పోతుంది. విప్పకపోతే మరో ఆరుగురి కళ్లు. ఇందులో ఆలోచించడానికేముంది? అయినా ఆలోచించాను. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

చుక్కలు వేస్తుంటే పుణ్యవతిగారు నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించారు. "డాక్టరుగారికి చెప్పకమ్మా. పథ్యం తప్పాను. రాత్రి ముద్దపప్పులో ఆవకాయ నంజుకున్నాను. ఆ వేడే కంటికెక్కింది. మా కోడలు వాసంతి మొత్తుకుంటూనే ఉంది, వింటేనా! చేతులారా చేసుకున్నాను."

ఎంత చక్కగా దొరికింది దారి! ఔనంటే చాలు, ఆవిడ జన్మంతా నమ్ముతారు. "ఇగ నుంచి జర చూసుకోండమ్మా" అని అనేశాను కూడా. ఆవిడ బుద్ధిగా తలూపి, చిన్నపిల్లలా చెంపలేసుకున్నారు.

అది చూడలేకపోయాను. "ఆవకాయ కాదమ్మా. గొట్టాలు నేనే మంచిగ కడగలే. తప్పు నాది" అన్నాను.

ఆవిడ చేతులు చెంపల మీదే ఆగిపోయాయి. తిడతారనుకున్నాను, తిడితే బాగుండేది. "ఇంకెవరికీ చెప్పకు తల్లీ, ఉద్యోగం తీసేస్తారు" అన్నారు.

ఆపరేషన్ గదికి పరుగెత్తాను. మొదటి మనిషిని అప్పటికే బల్ల మీద పడుకోబెట్టారు. డాక్టరుగారు గొట్టం అందుకుంటున్నారు.

"సార్, అది పెట్టకండి!" అని అరిచాను.