అత్తమ్మ ఇచ్చిన పాలు

ఆ పాలలో ఏదో ఉంది, లేకపోతే నిరుడు మా కళ్లంలో పొద్దంతా పసుపు కొమ్ములు ఏరి మాపటికి నీళ్లు కూడా మోసిన నేను, మూడో నెల పడగానే పది గంటలకే కళ్లు మూతలు పడి గోడకు ఒరుగుతానా, అందరూ కళ్లానికి పోతుంటే అత్తమ్మ మాత్రం గ్లాసు పట్టుకుని వస్తుంది, తాగి జర పండుకో నవతా అంటుంది, ఏ అత్త అంటుంది ఆ మాట, ఊరికే వస్తుందా ఇంత ప్రేమ, ఇదిగో నిజామాబాద్ దవాఖానాలో చూపించుకుని నందిపేటకు తిరిగి పోతున్నాం, బస్సులో పక్క సీటు ఆమెదే, నా చీటీలు కూడా ఆమె ఒడిలోనే, నిన్ననే వేణుకు చెప్పేశాను, మీ అమ్మ నాకేదో కలుపుతోంది, టౌన్లో వేరే ఇల్లు చూడు, లేదంటే రెంజల్‌లో మా అమ్మ దగ్గరికి పోతానని, సరే అన్నాడు, ఇవాళ ఇల్లు చూడటానికే పోయాడు, ఆమెకు తెలియదు.

పది రోజులు ఆ పాలు పిల్లికి పోశాను, పిల్లి నిక్షేపంగా గోడలు దూకింది, నిద్రపోయింది నేనే, అయితే అన్నంలో కలుపుతోంది అనుకున్నాను, అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు, ఇందాక అత్తమ్మను బయట కూర్చోబెట్టి నర్సమ్మను మెల్లగా అడిగితే పకపకా నవ్వింది, ఎవ్వలేం కలుపుతలేరమ్మా, కడుపు నిలవాలంటే ఒంట్ల హార్మోన్ పెరుగుతది, గదే నిద్ర తెస్తది, కాళ్లు లేవనియ్యది, నాలుగో నెల దాటినంక నీకే హుషారైతది, పొద్దుమాపు జర నడువు, అలిసిపోతే పండుకో అంది, నా ఒళ్లే నన్ను కూర్చోబెట్టిందట, నర్సమ్మను కూడా ఈమె ముందే మంచి చేసుకుందేమో, ఇక బస్సులో ఉండబట్టలేక అడిగేశాను, అత్తమ్మా, రోజూ నన్నెందుకు పండవెడుతున్నవ్.

ఆమె చీటీలు మడిచింది, నా తొలిసూరుకు గిట్లనే నిద్రొచ్చేది బిడ్డా, కళ్లంల ఒరిగితే మా అత్త దొంగనిద్ర అని లేపి పసుపు ఉడకవెట్టే కొప్పెర కాడికి తోలేది, ఆ కడుపు నిలవలే, ఎందుకు నిలవలేదో ఎవ్వలకు తెల్వదు, నాకైతే నిద్రే యాదికొస్తది, నువ్వు పండుకో, నీ వంతు కొమ్ములు నేనే ఏరుతున్న, వేణుకు జెప్పకు, నన్ను తిడ్తడు, అంది, ఆమె వేళ్లు పగిలి పగుళ్ల నిండా పసుపు ఉంది, అరవై ఏళ్ల మనిషి ఇద్దరి పని చేస్తుంటే ఒక్కనాడూ చూడలేదు నేను, ఫోన్ మోగింది, వేణు, ఇల్లు దొరికింది, అమ్మ ముఖం చూడబుద్ధి కావట్లేదు, రేపే పోదాం అంటున్నాడు, ఎవలు బిడ్డా, మనోడేనా, తిన్నడా అడుగు అంటోంది ఆమె, మా ఇంట్లో ఒకరికి కీడు చేసిన మనిషంటూ ఉంటే అది నేనే.