నోరు మెదపకూడని వంతు

గాజు పలక మీద గీత గీసి, ఊపిరి బిగబట్టి, చెల్లి అంచు విరిచింది. ఎప్పుడూ సూటిగా విరిగేది ఇవాళ వంకర పోయింది.

“పరధ్యానం,” అంది అక్క, ఫ్రేముకి మేకు కొడుతూ, తలెత్తకుండా.

ఫొటోలకి ఫ్రేములు కట్టే ఆ షాపులో ఇరవై ఏళ్ళుగా గాజు చెల్లిది, చెక్క అక్కది, ఆఖరి మాట అక్కదే. చెల్లి సంచి సర్ది బల్ల కింద దాచింది. వేరే ఊళ్ళో పని, సొంతంగా ఒక గది. సాయంత్రమే బస్సు. అక్కకి చెప్పలేదు. ఇదివరకు రెండుసార్లు చెప్పింది. రెండుసార్లూ అక్క “నీ ఇష్టమే తల్లీ” అంది. అంతే, చెల్లి సంచి విప్పేసింది.

మధ్యాహ్నం లెక్కల మేడమ్, రిటైరైన కండక్టరు గారు వచ్చారు. వారానికోసారి నలుగురూ ఒకరి కథ ఒకరు బాగుచేసుకుంటారు. నియమం ఒక్కటే: కథ రాసినవాళ్ళు నోరు మెదపకూడదు. ఇవాళ వంతు చెల్లిది. మంగలి షాపు నడిపే అన్నదమ్ముల కథ. తమ్ముడు వెళ్ళిపోదామనుకుంటాడు, చెప్పలేడు. కథ అక్కడే కూలబడింది.

“వీడేంటమ్మా, బెల్లం కొట్టిన రాయిలాగా!” అన్నారు కండక్టరు గారు. “నాలుగు పేజీలైనా గుమ్మం దాటడు. నా బస్సైతే ఎప్పుడో దింపేసేవాణ్ణి.”

“అన్నని దుర్మార్గుణ్ణి చేసెయ్,” అంది మేడమ్. “ఓ చెంపదెబ్బ కొట్టించావంటే కథ పరిగెడుతుంది.”

అన్న అలాంటివాడు కాదనే మాట చెల్లి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. అక్క సుత్తి చప్పుడు ఆగింది.

“కొట్టడు,” అంది అక్క నెమ్మదిగా. “అన్న మంచోడే, అదే తంటా. చెప్తే వీడు ఆగిపోతాడు. చెప్పకుండానే పోవాలి.”

“ఎలా పోతాడండీ, అన్న ఎదురుగా కూర్చుంటే?” అంది మేడమ్.

“అన్నే ఏదో పని పెట్టుకుని బయటికెళ్ళాలి. తిరిగొచ్చేసరికి వీడు ఉండకూడదు.”

“అంటే, అన్న తెలిసే వెళ్తాడా?” అన్నారు కండక్టరు గారు.

“అది రాయక్కర్లేదు.”

అక్క లేచి చేతులు దులుపుకుంది. చెల్లి వైపు చూడలేదు. “గాజు లోడు వస్తోందట. సందు చివర దింపించుకొస్తా. మీరు టీ తాగి వెళ్ళండి.”

గాజు లోడు నిన్ననే వచ్చింది. ఇద్దరూ కలిసే మోశారు.

వచ్చినవాళ్ళు వెళ్ళాక చెల్లి సంచి భుజానికి తగిలించుకుంది. షట్టరు దించబోతూ ఒక్కసారి లోపలికి చూసింది. కళ్ళజోడు లేనిదే అక్క వీధిలో అడుగు పెట్టదు. పెడితే మనిషికీ స్తంభానికీ తేడా తెలీదు. ఆ కళ్ళజోడు బల్ల మీద, మేకుల డబ్బా పక్కన, కాడలు రెండూ జాగ్రత్తగా మడిచి ఉంది.