డబ్బా తాగిన పెట్రోలు

ఇరవై రెండేళ్ల ఆ బుల్లి కారును ఆఫీసులో అందరూ డబ్బా అనేవారు. మంచం దిగలేని రోగుల ఇళ్లకు దానిలో వెళ్లి కట్లు మార్చడం, సూదులు వెయ్యడం నర్సమ్మ పని. ఆ ఆఫీసు నడిపేది ఆమె చెల్లెలి మొగుడు. వరసకు మరిది, కుర్చీకి యజమాని. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటే పేచీ తప్పదు.

ఆ ఉదయం అతను ఒక కాగితం ముందుకు తోశాడు.

"వదినా, పాత కార్లు పెట్రోలు తెగ తాగుతున్నాయి. రేపట్నుంచి మీరు ఇక్కడే కూర్చుని ఫోన్లు చూసుకోండి. ఇళ్లకు కొత్త పిల్లలు కొత్త కార్లలో వెళ్తారు. సంతకం పెట్టండి."

నర్సమ్మకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా ఇల్లిల్లూ తిరిగిన మనిషిని ఫోను ముందు కూర్చోబెట్టడమంటే కాళ్లు విరగ్గొట్టడమే.

"తాగుతోందని ఎవరు చెప్పారు?"

"నా కొత్త కారు లీటరుకు ఇరవై రెండు ఇస్తోంది. స్టీరింగు ముందున్న తెరమీదే కనిపిస్తుంది."

"తెరకేం, ఎన్నయినా చెబుతుంది. బంకులో కొలుద్దాం పద."

ఇద్దరూ ఒకే పంపు దగ్గర, గొట్టం దానంతటదే టక్కున ఆగేదాకా ట్యాంకులు నింపించారు. రోగుల జాబితా పట్టుకుని ఆమె డబ్బాలో ముందు, అతను కొత్త కారులో వెనక, నూట పది కిలోమీటర్లు తిరిగారు. ఎర్రదీపం దూరాన కనబడగానే ఆమె యాక్సిలరేటరు మీంచి కాలు తీసేసేది. అతను దీపందాకా ఉరికి బ్రేకు తొక్కేవాడు. ఆమె లోపల ఓ పెద్దాయన పుండు కడుగుతున్నంతసేపూ మరిదిగారు ఏసీ కోసం ఇంజను ఆపకుండా కారులోనే కూర్చున్నాడు.

సాయంత్రం మళ్లీ అదే పంపు. డబ్బాకు ఐదున్నర లీటర్లు పట్టింది, అంటే లీటరుకు ఇరవై. కొత్తదానికి ఏడు దాటింది. తెర మాత్రం పెద్ద రోడ్డుమీద ఎప్పుడో సాఫీగా సాగిన ప్రయాణాల లెక్కే ఇంకా చూపిస్తోంది. దాన్ని సున్నా చెయ్యాలని అతనికి తెలియనే తెలియదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత.

"ఏసీ లేకపోతే నాదే గెలిచేది."

"గెలిచేదేమో. రేపు ఆపి నడుపు, చూద్దాం."

అతను చెమట తుడుచుకున్నాడు. "అయినా నిర్ణయం అయిపోయింది వదినా."

నర్సమ్మ కాగితాన్ని బానెట్‌మీద పరిచింది. పెట్రోలు అన్నచోట గీత కొట్టి పెన్ను అతని చేతిలో పెట్టింది.

"అసలు కారణం రాయి. ముసలిదైపోయిందని రాయి. బండి కాదు, నేను. మీ ఆవిడ అక్క ఇక పనికిరాదని నీ చేత్తో రాసివ్వు, ఇక్కడే సంతకం పెడతాను."

"నేనలా అన్నానా?"

"అనలేకే పెట్రోలు మీద పెట్టావు."

వెనక బండ్లవాళ్లు హారన్లు మోగించారు. మరిది పెన్ను పట్టుకుని నిలబడ్డాడే కానీ ఒక్క అక్షరం పడలేదు. నర్సమ్మ కాగితం మడిచి సంచిలో పడేసుకుంది.

"రేపటి జాబితా పొద్దున్నే పంపించు," అని బండెక్కింది.