ఖాళీ మందసం ముందు వెలిగిన దీపం

నేను ఒక ఇత్తడి దీపాన్ని. ఇప్పుడు మా ఊరి కతోలిక గుడి సామాన్ల గదిలో, పాత పూజావస్త్రాల మూట పక్కన, బీరువా కింది అరలో ఉంటున్నాను. నా చోట ఎర్ర కరెంటు బల్బు పెట్టారు. దాని మీద నాకేం కోపం లేదు. పాపం, నూనె అడగదు, మసి పట్టదు. కాకపోతే దాన్ని చూసి ఇంతవరకు ఎవరూ భయపడలేదు. నన్ను చూసి భయపడ్డ మనిషి ఒకావిడ ఉంది.

నేను పుట్టింది తెనాలిలో, కంచరి కొలిమిలో. పోతపోసిన ఆచారి నన్ను ఏ అమ్మవారి గుడికో అనుకుని అంచు చుట్టూ కలువరేకులు చెక్కాడు. ఫాదరుగారు చూసి నవ్వి, ఉండనీ, అన్నారు. మూడు గొలుసులు తగిలించి, ఎర్ర గాజు తొడిగి, పీఠం పక్కన వేలాడదీశారు. పీఠం వెనక చిన్న తలుపున్న పెట్టె ఉంటుంది, దాన్ని మందసం అంటారు. అందులో దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో స్వామి శరీరంగా మారిన అప్పం, ఉన్నంతసేపూ నేను వెలగాలి. స్వామి ఇంట్లోనే ఉన్నారని వచ్చినవాళ్లకు చెప్పడమే నా ఉద్యోగం.

జనం నన్ను రకరకాలుగా వాడుకున్నారు. మోకాళ్ల నొప్పులకు నా నూనె రాసుకున్నవాళ్లున్నారు. ప్రసంగం సాగుతుంటే నా వంకే చూస్తూ కునికిపాట్లు పడ్డవాళ్లున్నారు. ఎందుకు వెలుగుతున్నావే అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

నన్ను చూసి భయపడ్డది తెరేజమ్మ. ఆమె అసలు పేరు అలివేలు. బాలశౌరిని చేసుకుని, జ్ఞానస్నానం పుచ్చుకుని మా ఊరొచ్చింది. గుడి ఊడ్చి నాకు నూనె పోసే పని తనే అడిగి తీసుకుంది. దేవుడి దీపం కొండెక్కితే ఇంటికి కీడని పుట్టింట్లో విని పెరిగిన మనిషి. ఆ ఏడు ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సుకాలంలో బాలశౌరికి కామెర్లు ముదిరి గుంటూరు ఆసుపత్రిలో పడ్డాడు. ఆమె నా గొలుసు పట్టుకుని, "ఇది ఆరనంతకాలం నా మనిషికేం కాకూడదు" అని మొక్కుకుంది. నోరుంటే, ఆ బరువు నా మీద పెట్టకు తల్లీ అనేదాన్ని.

తపస్సుకాలం చివర వచ్చే పవిత్ర గురువారం ఆమె ఆసుపత్రిలోనే ఉండిపోయింది. శుక్రవారం పొద్దున్నే బస్సు దిగి నూనె సీసాతో నేరుగా గుడికొచ్చింది. పీఠం మీద గుడ్డ లేదు, పువ్వు లేదు. నేను ఆరిపోయి ఉన్నాను.

"అయ్యో దేవుడా!" అంది. గబగబా నన్ను కిందికి దించి వెలిగించింది. ఒక్క పుల్లకు వెలగలేదు, నాలుగు గీసింది. నేను వెలిగాను. నా బతుకులో మొదటిసారి అబద్ధం చెప్పాను.

ఫాదరుగారికి సాయంగా ఉండే ఉపదేశి ఇన్నాసయ్య అలికిడికి వచ్చాడు. ముసలాయన, గొంతు పెంచే అలవాటు లేదు.

"ఎవరు వెలిగించమన్నారమ్మా?"

"ఆరిపోయింది బాబాయ్! ఆయనకేమైనా అయిందేమో!"

"ఆరిపోలా. నేనే ఆర్పాను. అటు చూడు."

మందసం తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు.

"నిన్న సాయంత్రం పూజయ్యాక సత్ప్రసాదాన్ని పక్క పీఠానికి తీసుకెళ్లాం. ఇవాళ స్వామి చనిపోయిన రోజు. ఇల్లు ఖాళీ అని అందరికీ తెలియాలి. దీపం ఎవరి ప్రాణమూ కాదు తల్లీ, లోపల ఆయనున్నాడని చెప్పే గుర్తు, అంతే. ఖాళీ ఇంటి ముందు వెలిగిస్తే ఎట్టా?"

"అయితే నువ్వే ఆర్పు. నా వల్ల కాదు."

"నేనార్పితే నీ భయం పోదు."

ఆమె నా గాజు పక్కకు తీసింది. నోటితో ఊదలేదు. పుల్లతో వత్తిని మెల్లగా నూనెలోకి నెట్టింది. వెంటనే బస్టాండు వైపు పరుగు తీసింది. ఆమె వెళ్లేసరికి ఆసుపత్రిలో బాలశౌరి మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడట. ఆ కబురు విన్నాక నా మనసు కుదుటపడింది.

పాస్క పండుగకు, అదే ఈస్టరుకు, సత్ప్రసాదం మళ్లీ మందసం చేరింది, నన్ను మళ్లీ వెలిగించారు. మంగళవారం మధ్యాహ్నం, నేను నిండు నూనెతో వెలుగుతుండగా, బాలశౌరి పోయాడు. గుడి గంట మోగితే గానీ నాకు తెలియలేదు. అప్పుడు వెలుగుతున్నందుకు సిగ్గుపడ్డాను.

పాతిపెట్టేటప్పుడు తెరేజమ్మ కంట చుక్క రాలేదని ఆడవాళ్లు గుసగుసలాడారు. మూడో రోజున నూనె సీసా పట్టుకుని ఒక్కతే వచ్చింది. నన్ను కిందికి దించింది. నేలకేసి కొడుతుందనే అనుకున్నాను.

"ఆర్పిన రోజు బతికున్నాడు," అంది. "వెలిగే రోజు పోయాడు. నీదేం తప్పు లేదులే."

గాజు తుడిచింది, నూనె పోసింది, గొలుసు లాగి పైకెత్తింది. ఇన్నాళ్లూ నన్నే చూసిన మనిషి, నన్ను దాటి, మూసి ఉన్న ఆ చిన్న తలుపు వైపు చూసింది.

"లోపలే ఉన్నావు గదా," అంది.

అప్పుడు ఏడ్చింది.